అత్తగారి సవరం, గద్వాల అంచు

రండి, కూర్చోండి. ఆ మూల కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది. ఇలా కిటికీ పక్కకి రండి. డికాషన్ దిగుతోంది, ఇంకో పావుగంట పడుతుంది. ఈలోగా ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ బీరువాలో అన్నిటికన్నా కింది అరలో, పాత పంచె ముక్కలో చుట్టిపెట్టిన మూట ఒకటి ఉంటుంది కదా, దాన్ని ఆఖరుసారి ఎప్పుడు విప్పారు?

నవ్వుతున్నారు. పోయినేడు మాఘమాసం దాకా నేనూ అలాగే నవ్వేదాన్ని.

మా ఆడపడుచు కూతురి పెళ్ళి. ముహూర్తానికి ఏం కట్టుకోవాలా అని వెతికి వెతికి అత్తగారిచ్చిన గద్వాల చీర తీశాను. మీగడ రంగు ఒళ్ళు, కుంకుమ రంగు కోటకొమ్మ అంచు. ఆవిడ తన చేత్తో నాకు పెట్టిన మొదటి చీర. ఆ తర్వాత పెట్టినవాటి సంగతి ఇంకోరోజు చెబుతాను. మంచం మీద పరిచి మడత విప్పగానే ఏదో జలజలా రాలింది. నువ్వులు కడిగి ఆరబోస్తే మిగిలే పొట్టు లాంటిది, గోధుమ రంగులో, ఊదితే ఎగిరిపోయేంత తేలిగ్గా. ఇదేమిటా అని అంచు పట్టుకుని వెలుతురుకి ఎత్తాను. అంచులోంచి కిటికీ కనిపించింది. కిటికీలోంచి ఎదురింటివాళ్ళ తులసి కుండీ కూడా కనిపించింది.

ఒక చిల్లయితే సరిపెట్టుకునేదాన్ని. మడత మీద మడత ఉంటుంది కదా, ఒక్కచోట కొరికితే ఆ కన్నం వరసగా నాలుగైదు మడతల్లో దిగింది. చిన్నప్పుడు రంగుకాగితం మడిచి కత్తిరించి తోరణాలు చేసేవాళ్ళం చూడండి, అచ్చం అలా. అంతకన్నా విచిత్రం, చీర ఒళ్ళు మాత్రం నిక్షేపంలా ఉంది. అంచు పోయింది, కొంగులో సగం పోయింది, ఒంటికి గీత పడలేదు.

తర్వాత అర్థమైంది. గద్వాల చీర ప్రత్యేకతే అది కదా. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు, రెంటినీ మగ్గం మీదే కలుపుతారు. మన కంటికి అది ఒకటే చీర. పురుగుకి మాత్రం పట్టు భోజనం, నూలు విస్తరాకు. భోజనం చేసి విస్తరి వదిలేసి వెళ్ళింది.

అబద్ధం ఎందుకు, ఒంటిలో కూడా ఒక్కచోట రూపాయి బిళ్ళంత కన్నం ఉంది. అక్కడ ఎప్పుడో గృహప్రవేశం నాడు పరమాన్నం ఒలికింది. నీళ్ళు అద్ది తుడిచేశాను, పోయిందనుకున్నాను. నాకు కనపడలేదు గానీ దానికి కనపడింది. నూలు దానికి తిండి కాదు, నూలుకి పట్టిన నెయ్యీ చెమటా పరమాన్నమూ తిండి. వాటిని తింటూ తింటూ కింద ఉన్న గుడ్డని కూడా నమిలేస్తుంది.

పట్టు అసలో నకిలీయో తేల్చడానికి మనవాళ్ళు ఏం చేస్తారు? ఒక పోగు లాగి నిప్పంటిస్తారు. వెంట్రుక కాలిన వాసనొస్తే పట్టు, ప్లాస్టిక్‌లా ముద్దకట్టి గట్టి పూసయితే నకిలీ. మన దుకాణాల్లో తరతరాలుగా చేస్తున్న ఈ పరీక్షలోనే పురుగు గుట్టంతా ఉంది. వెంట్రుక, ఉన్ని, ఈక, గోరు, కొమ్ము, ఇవన్నీ కెరటిన్ అనే మాంసకృత్తు. పట్టు కెరటిన్ కాదు గానీ అదీ మాంసకృత్తే. కెరటిన్‌లో గంధకం వేసిన ముళ్ళు గట్టిగా బిగుసుకుని ఉంటాయి, అందుకే దాన్ని అరిగించుకోగల జీవులు లోకంలో బహు తక్కువ. పిల్లి ఎలుకను తింటే బొచ్చు బొచ్చుగానే బయటికొస్తుంది. ఈ పురుగు కడుపు మాత్రం ఆ ముళ్ళు విప్పగలదు. మనం దాన్ని దొంగ అంటున్నాం గానీ అడవిలో దాని ఉద్యోగం చాలా గౌరవమైనది. చచ్చిన పక్షి ఈకలు, జంతువుల బొచ్చు, ఎండిన తోలు, ఇంకెవరూ ముట్టనివన్నీ శుభ్రం చేసేది ఇదే. ఎముకల గూళ్ళు దాచే మ్యూజియంలవాళ్ళు దీని పెద్ద దాయాదుల్ని పెట్టెల్లో పెంచి మరీ అస్థిపంజరాలు శుభ్రం చేయించుకుంటారు. ఉన్ని శాలువాకీ చచ్చిన గొర్రెకీ తేడా దానికి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇంగ్లీషువాళ్ళు దీన్ని కార్పెట్ బీటిల్ అంటారు. వాళ్ళ ఇళ్ళలో గోడ నుంచి గోడ దాకా తివాచీలు కాబట్టి అక్కడ పట్టుబడింది, ఆ పేరే పడింది. మన ఇళ్ళలో నాపరాళ్ళూ టైల్సూ, తివాచీ ఉంటే గింటే హాల్లో ఒక ముక్క. ఏలూరులో అంత పేరున్న ఉన్ని తివాచీలు నేస్తారా, ఎంతమంది తెలుగువాళ్ళ ఇళ్ళలో పరిచి ఉన్నాయి చెప్పండి! అందుకని మనం ఆ పేరు విని ఇది మన బాధ కాదనుకుంటాం. మన తివాచీ నేల మీద ఉండదండీ, మడతపెట్టి బీరువాలో ఉంటుంది.

మన భాషలో దీనికంటూ విడిగా పేరు లేదు. బట్ట కొడితే చిమ్మెట అంటాం, పుస్తకం కొడితే చెదలంటాం, మిగతావన్నీ పురుగు. అయితే నాకొకటి తోచింది, వినండి. గొంగళిపురుగు అనే మాట ఎలా వచ్చింది? గొంగడి కప్పుకున్నట్టు బొచ్చుతో ఉంటుంది కాబట్టి. ఈ పురుగు పిల్ల కూడా అలాగే ఒళ్ళంతా బొచ్చు. నాలుగైదు మిల్లీమీటర్ల పొడవు, ముదురూ లేతా గోధుమ రంగు పట్టీలు, తోక దగ్గర కుచ్చులు. అయితే చెట్టు మీద గొంగళిపురుగు ఆకులు తింటుంది, పేరుకే గొంగళి. ఇది నిజంగానే గొంగడి తింటుంది. ఆ పేరు న్యాయంగా దీనికి చెందాల్సింది, సీతాకోకచిలుక పిల్ల కొట్టేసింది.

గొంగడంటే గుర్తొచ్చింది. మా పెదనాన్నగారి ఊళ్ళో, మహబూబ్‌నగర్ వైపు, గొర్రెల కాపరులు గొంగడి లేనిదే గడప దాటేవారు కాదు. నల్లటి దక్కనీ గొర్రె ఉన్ని, చింతగింజల గంజి పట్టించి నేసింది. ఎండకి గొడుగు, వానకి చూరు, రాత్రికి పక్క. ఆ గొంగడికి పురుగు పట్టిందని నేనెప్పుడూ వినలేదు. రోజూ దులుపుతారు, భుజాన వేస్తారు, ఎండలో పరుస్తారు. అదే గొంగడి హైదరాబాదు వచ్చి, ఎవరింట్లోనో కళాఖండంలా గోడకి వేలాడితే ఏడాదిలో జల్లెడైపోతుంది. ఈ పురుగుకి కావలసింది ఉన్ని ఒక్కటే కాదు. చీకటి కావాలి, ఎవరూ కదిలించకుండా ఉండాలి. మనం ఎంత భద్రంగా దాస్తే దానికి అంత సుఖం.

సరే, చీర సంగతి అలా ఉంచి, దొంగని ఎలా పట్టుకున్నానో చెబుతాను.

ఉగాదికి ముందు హాలు కిటికీ అంచు మీద చిన్న చిన్న గుండ్రటి పురుగులు కనిపించేవి. పెసరగింజలో సగం కూడా ఉండవు, రెండు మూడు మిల్లీమీటర్లు. నలుపూ తెలుపూ పసుపూ కలగలిపి ముగ్గు చెదిరినట్టు వీపు. అక్షింతల పురుగులేమో, పొలానికి మేలు చేసేవి కదా పాపం అని కాగితంతో ఎత్తి బయట వేసేదాన్ని. నా అంత దయగలది లేదనుకునేదాన్ని కూడా. అవే తల్లులూ తండ్రులూ! పెద్ద పురుగు బట్ట ముట్టదు. దానికి పూల పుప్పొడి, తేనె చాలు. కొత్తిమీర పూతకొస్తే గొడుగుల్లా తెల్లటి పూలు వస్తాయి కదా, అలాంటివంటే ప్రాణం. పుట్టిన కొత్తలో చీకట్లోనే ఉంటుంది, గుడ్లు పెట్టేశాక వెలుతురు కోసం కిటికీ దగ్గరికి వస్తుంది. అంటే నేను కిటికీ దగ్గర పట్టుకున్నవి చాలావరకు పని ముగించుకుని ఊరికి బయల్దేరిన ప్రయాణికులన్నమాట. సామానంతా ఇంట్లోనే దింపేశాయి.

ఒక్కో తల్లి నలభై గుడ్ల దాకా పెడుతుంది. రెండు మూడు వారాల్లో పిల్లలవుతాయి. ఆ పిల్లదశే అసలు తిండిదశ. వెచ్చగా ఉండి తిండి దండిగా దొరికితే కొన్ని నెలలు, లేకపోతే రెండు మూడేళ్ళు కూడా ఈడ్చుకొస్తుంది. పెరిగినకొద్దీ చొక్కా విప్పేస్తుంది. నా చీరలోంచి రాలిన నువ్వుపొట్టు ఆ విడిచిన చొక్కాలే. అసలు చిమ్మెటకీ దీనికీ తేడా అక్కడే తెలుస్తుంది. చిమ్మెట పిల్ల గూడు అల్లుతుంది, సాలెపోగుల్లాంటి సన్నటి దారాలు కనిపిస్తాయి. ఇది అల్లదు, పొట్టు వదులుతుంది. గంజి పెట్టిన నూలు చీర మీద గీకినట్టు పలచబడితే అది వెండిరంగు చేపపురుగు పని, దాని లెక్క వేరు. ముందు ఎవరు తిన్నారో తేల్చుకోకుండా మందు కొడితే డబ్బు దండగ.

నేను దండగే చేశాను లెండి. మావారికి చేతుల మీదా మెడ మీదా దద్దుర్లు లేచాయి, నల్లులన్నారు. పురుగుల మందు కొట్టే వాళ్ళని పిలిచాం. వాళ్ళ పేరు చెప్పను, ఊరికే ఎందుకు. వచ్చిన కుర్రాడు పరుపు ఎత్తాడు, నల్లి లేదు, మచ్చ లేదు. అయినా మంచం చుట్టూ మందు కొట్టి బిల్లు చేతిలో పెట్టాడు. రెండ్రోజులు ఇల్లంతా కంపు. దద్దుర్లు తగ్గలేదు. ఎలా తగ్గుతాయి, కుట్టినవాళ్ళు ఉంటేగా! ఈ పిల్లపురుగు తోక కుచ్చుల్లో వెంట్రుకలు సూక్ష్మంగా బల్లెం మొనల్లా ఉంటాయట. శత్రువుల కోసం దేవుడిచ్చిన ఆయుధం. అవి ఊడి బట్టల్లో, పరుపుల్లో చేరితే కొందరి చర్మానికి పడవు. మావారు కప్పుకునేది మా మామగారి నాటి ఉన్ని రగ్గు. అదీ సంగతి.

మందు కొట్టించాక కూడా కిటికీ దగ్గర పురుగులు వస్తూనే ఉన్నాయి. అప్పుడు చీపురు పక్కన పెట్టి ఆలోచించాను. తిన్నచోట దొంగ ఉండాలని ఏముంది? బీరువాలో చూస్తే నాలుగు పిల్లపురుగులు, అంతకన్నా లేవు. కిటికీ దగ్గర మాత్రం రోజుకి అయిదారు. అంటే ఊరు వేరే ఉంది, బీరువా చుట్టపుచూపు.

మొదట పావురాల మీద అనుమానం వచ్చింది. ఏసీ బయటి పెట్టె వెనక గూడు. పుల్లలు, ఈకలు, ఎండిన పిల్ల ఒకటి, చెప్పుకుంటే కాఫీ తాగలేరు. పక్షి గూళ్ళు వీటికి పుట్టినిల్లు, ఆ మాట నిజం. ముక్కుకి గుడ్డ కట్టుకుని, నీళ్ళు చల్లి తడిపి, అదంతా ఎత్తించి వల బిగించాం. పురుగులు తగ్గాయి. పోలేదు. తర్వాత లైటు గుండ్లు విప్పాం. దీపం పురుగులు చచ్చి గుప్పెడు పోగుపడ్డాయి, అవీ తిండే. సోఫా కింద కుక్కబొచ్చు ఉంటుందేమో చూడమన్నారెవరో, మాకు కుక్క లేదు, నా జుట్టే ఉంది. ఈ వయసులో రాలినంత జుట్టు తల మీద ఉంటే ఎంత బావుండును!

జుట్టు అనుకోగానే గుండె ఝల్లుమంది. బీరువా నెత్తి మీద రేకు పెట్టె. అత్తగారి పెట్టె. ఆవిడ పోయి పద్నాలుగేళ్ళు. అందులో ఆవిడ కళ్ళజోడు, విభూతి డబ్బా, నాలుగు ఉత్తరాలు, జరీకుచ్చులు కట్టిన సవరం. ఆ రోజుల్లో సవరమంటే నైలాను కాదు, రాలిన జుట్టు దువ్వెన నుంచి తీసి కూడబెట్టి కట్టించుకున్న సొంత జుట్టు. మూత తీస్తే కుచ్చులు ఉన్నాయి, జుట్టు లేదు. దాని బదులు అంగుళం మందాన పొట్టు, ఆ పొట్టులో కదులుతూ మనవళ్ళూ మునిమనవళ్ళూ.

మావారు చూసి ఏమీ అనలేదు. చాలాసేపటికి, అమ్మ జడ బాగానే పంచి పెట్టింది అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

ఆ రాత్రి అమెరికాలో ఉన్న మా అమ్మాయికి వీడియోలో చెప్పాను. న్యూజెర్సీలో వాళ్ళ అపార్టుమెంటు నిండా తివాచీయే. "అమ్మా, మాకూ ఉన్నాయే, సోఫా జరిపితే దొరికాయి, ఇక్కడందరికీ మామూలే" అంది తేలిగ్గా. ఇంకో మాట కూడా చెప్పింది. మొన్న నేను వెళ్ళినప్పుడు సూట్‌కేసులో సోనామసూరి బియ్యం పట్టుకెళ్తానంటే వద్దని గొడవ చేసింది కదా, అదీ ఈ చుట్టాల వల్లేనట. ఈ పురుగుల కుటుంబం పేరు డెర్మెస్టిడే. అందులో ఒకడు ఖప్రా, హిందీ పేరే ప్రపంచమంతా పాకింది. వాడు ఉన్ని జోలికి పోడు, గోధుమా బియ్యమూ తింటాడు. తిండి దొరక్కపోతే గోడ నెర్రెలో ముడుచుకుని ఏళ్ళ తరబడి పడుకోగలడు. ఖప్రా ఉన్న దేశాల నుంచి ప్రయాణికులు బియ్యం తేకూడదని అమెరికా 2011లో ఆంక్ష పెట్టింది. ఆవకాయ తీసుకెళ్ళనిచ్చి బియ్యం ఆపేస్తారేమిటని నేను తిట్టుకున్నాను, పాపం వాళ్ళ భయం వాళ్ళది.

ఈ కుటుంబం వాళ్ళు మన రాష్ట్రాల్లో ఎక్కడెక్కడ ఉన్నారో చూస్తే వియ్యాలవారి జాబితాలా ఉంటుంది. ఎండుచేపలకి పట్టేది వీళ్ళలో ఒకడే. హిందూపురం సంతకి వచ్చే పట్టుగూళ్ళున్నాయి కదా, లోపల ఎండిన పట్టుపురుగు కోసం ఆ గూడుని తొలిచేదీ వీళ్ళ అన్నదమ్ములే. అంటే చీర కాకముందే మొదలు. ఉప్పాడ తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. ఒకే ఊళ్ళో ఒక వీధిలో జాందానీ నేస్తారు, ఇంకో వీధిలో చేపలు ఎండబెడతారు. ఈ కుటుంబానికి శాకాహారం, మాంసాహారం రెండు పంక్తులూ అక్కడే వడ్డించి ఉన్నట్టు.

లిన్నేయస్ అనే స్వీడన్ పెద్దమనిషి 1761లో వీళ్ళలో ఒకడికి పేరు పెడుతూ మ్యూజియంలది అనే అర్థం వచ్చేలా మ్యూజియోరమ్ అన్నాడు. లోకంలోని జీవులన్నిటికీ పేర్లు పెట్టే పనిలో ఉన్నవాడు, గుండుసూదులకి గుచ్చిన నమూనాల్ని తినేవాడికి కూడా పేరు పెట్టక తప్పలేదు. ఇంకో తమాషా. 1958లో బ్లేక్ అనే ఆయన రాశాడు, ఈ పిల్లపురుగుని ఎండావానా పగలూరాత్రీ తెలియకుండా ఒకే వెచ్చదనంలో, చీకట్లో ఉంచినా అది ఇంచుమించు ఏడాది లెక్క తప్పకుండానే ప్యూపా అవుతుందట. కడుపులో పంచాంగం ఉందన్నమాట. నాకు మాత్రం క్యాలెండరు చూస్తే గానీ ఏకాదశి తెలియదు.

ఉండండి, డికాషన్ చూసొస్తాను.

ఆ, ఎక్కడున్నాం? మందులు. మీరు అడగబోయేది నాకు తెలుసు, కలరా ఉండలు వేసుకోలేదా అని. వేశాను. బీరువా తలుపు తీస్తే కళ్ళు మండేలా వేశాను. ఏమైంది? ఆ ఉండలు కరగకుండానే ఆవిరైపోతాయి, ఆ ఆవిరి గాలికన్నా బరువు, బాగా చిక్కబడితే పురుగుని చంపుతుంది. చిక్కబడాలంటే గాలి చొరని పెట్టె ఉండాలి. మన బీరువా తలుపు సందుల్లోంచి ఆవిరి హాయిగా బయటికొచ్చి మన ముక్కులోకి పోతుంది. పురుగుకి కొంచెం తలనొప్పి, మనకి కొంచెం ఎక్కువ. పైగా అవి జరీకి తగిలితే వన్నె తగ్గుతుందని పట్టుచీరల దుకాణంలో ఎప్పుడూ హెచ్చరిస్తారు. వీటన్నిటికన్నా పెద్ద మాట, ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఆ ఉండల్లో దాచిన దుప్పటి తీసి అలాగే చుట్టబెట్టకండి. జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా పుట్టే పిల్లలుంటారు. ఆ ఉండల్లోని నాఫ్తలీన్ ఆవిరికి వాళ్ళ ఎర్ర రక్తకణాలు చితికిపోయి కామెర్లు ముదురుతాయి. పాత దుప్పటిలో బిడ్డని చుట్టడం మనకి ముచ్చట కదా, అందుకని చెబుతున్నాను. పాకే పిల్లలుంటే అవి పెప్పరమెంటు బిళ్ళలనుకుని నోట్లో పెట్టుకునే భయం వేరే.

వేపాకు, వసకొమ్ము, కర్పూరం... మా అమ్మ ఇవన్నీ వేసేది, నేనూ వేస్తాను. వాసనకి కొత్తవి రావడానికి కాస్త జంకుతాయేమో గానీ లోపల కాపురం పెట్టినవి లేచిపోవు. అమ్మ బీరువాకి పురుగు పట్టకపోవడానికి కారణం వేపాకు కాదని ఇప్పుడనిపిస్తుంది. ఆవిడకి మూడే పట్టుచీరలు, ప్రతి పండక్కీ ఏదో ఒకటి కట్టేది. ఆ వేపాకు మార్చడం కోసమైనా నెలకోసారి అన్నీ తీసి దులిపేది. వేపాకు చేయలేని పని ఆ దులపడం చేసేది.

మరి నేనేం చేశానంటారా? చీరని ఫ్రిజ్‌లో పెట్టాను. నవ్వండి, మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూడా నవ్వింది. కింద కాదు, పైన డీప్ ఫ్రీజర్‌లో. పట్టుచీరలూ శాలువాలూ ఒక్కొక్కటీ మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలంతా నొక్కేసి, టేపు వేసి, పచ్చి బఠాణీల పక్కన పెట్టాను. సున్నాకి దిగువన పద్దెనిమిది డిగ్రీలు ఉండాలి, రెండు వారాలు కదపకూడదు. గుడ్డుతో సహా చస్తాయి. బయటికి తీశాక మాత్రం తొందరపడకండి. సంచి విప్పకుండా ఒక రోజంతా అలాగే గదిలో ఉంచాలి. చల్లటి గ్లాసుకి చెమట పట్టినట్టు చీరకి పడుతుంది, ఆ చెమట సంచి మీద పట్టాలి గానీ పట్టు మీద కాదు. మ్యూజియంలవాళ్ళు చేసేదీ ఇదే, వాళ్ళ పెట్టెలు ఇంకా చల్లగా ఉంటాయి. ఆ రెండు వారాలూ మా ఇంట్లో ఐస్‌క్రీము లేదు. మావారు రోజూ ఫ్రీజర్ తీసి, ధర్మవరం గడ్డకట్టిందా అని అడిగేవారు.

రగ్గులకి ఫ్రీజర్ చాలదు. వాటికి రోహిణి కార్తె ఉండనే ఉంది. నల్ల సంచుల్లో పలచగా పరిచి, మూతి బిగించి, మిద్దె మీద మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టి, మధ్యలో ఒకసారి తిరగేశాను. యాభై అయిదు డిగ్రీల వేడి లోపలి మడత దాకా ఎక్కి గంటసేపు నిలిస్తే ఏ దశలో ఉన్న పురుగైనా బతకదు. మన ఎండ ఎందుకూ పనికిరాదని తిట్టుకుంటాం కదా, ఇలాంటి పనికి దాన్ని మించింది లేదు. పట్టుచీరని మాత్రం అలా నేరుగా ఎండలో వేయకండి, రంగు పోతుంది. నీడపట్టున గాలికి ఆరేసి, మెత్తటి బ్రష్షుతో కుచ్చిళ్ళ దగ్గరా అంచు మడతల దగ్గరా దువ్వితే గుడ్లు రాలిపోతాయి. డ్రై క్లీనింగుకి ఇచ్చినా చస్తాయి, అయితే ఇంటికి తెచ్చి మళ్ళీ అదే అరలో పెడితే ప్రయోజనం లేదు. ముందు అర ఖాళీ చేసి, మూలమూలా, చెక్క కలిసే చోటా, బీరువా వెనకా వాక్యూమ్ సన్నటి ముక్కుతో లాగాలి. లాగిన చెత్త ఆ పూటే సంచిలో కట్టి బయట పారేయాలి. లేకపోతే యంత్రంలోనే ఇంకో కాపురం పెడతాయి. మందు ఏదైనా కొట్టించాలంటే గోడ మొదట్లో, నెర్రెల్లో కొట్టించండి, బట్టల మీద కాదు.

సవరం పెట్టెని మాత్రం ఏమీ చేయలేకపోయాం. పొట్టూ పురుగూ కలిపి సంచిలో కట్టి పారేశాం. రేకు పెట్టెని మరిగే నీళ్ళతో కడిగి ఎండబెట్టి, కళ్ళజోడూ ఉత్తరాలూ తిరిగి పెట్టాం. ఆ కుచ్చులు మావారు విడిగా తీసుకున్నారు. ఎక్కడ పెట్టుకున్నారో అడగలేదు.

ఒక్క నవ్వొచ్చే సంగతి చెప్పి వదిలేస్తాను. మావారు ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పారు, నాలుగు పుస్తకాలు రాశారు. సన్మానాల శాలువాలు పక్క బీరువా నిండా ఉన్నాయి, సరిగ్గా అరవై రెండు. కశ్మీరు శాలువా కప్పి సత్కరిస్తున్నాం అని ప్రతి సభలోనూ మైకులో చెప్పినవే. పురుగు ఆ బీరువాలోకి కూడా వెళ్ళింది, పొట్టు కనిపించింది. అరవై రెండిటిలో మూడు తిన్నది. మిగతా యాభై తొమ్మిదింటినీ వాసన చూసి వదిలేసింది. మేం ఇద్దరం కూర్చుని ఆ మూడూ ఎవరు కప్పారో గుర్తు చేసుకున్నాం. అందులో ఒకటి మారుమూల పల్లెలో పిల్లలు చందాలు వేసుకుని కొన్నది. ఒకాయన పేరు వినగానే మావారు, "ఆయన బిగించి పట్టే మనిషని అందరూ తిట్టుకుంటారు, పాపం, అసలుదే కొన్నాడు" అన్నారు. మిగతా పేర్లు మీకు చెప్పను. చెబితే సాహిత్య సభలకి పిలవడం మానేస్తారు.

గద్వాల చీరా? పారేయలేదు. అంచు విప్పించి కొత్తది కుట్టించొచ్చు అన్నాడు రఫూ చేసే అతను, ఒళ్ళు బాగుంది కాబట్టి. పాత అంచులో కోటకొమ్మ చెడని ముక్క జానెడు మిగిలింది. దాన్ని కూడా రెండు వారాలు ఫ్రీజర్‌లో పెట్టి తీసి, మా అమ్మాయికి పంపాను. దాన్ని అద్దం బిగించిన చట్రంలో పెట్టుకుందట. గోడకి తగిలిస్తే వెనకవైపు నెలకోసారి చూసుకోమ్మా అని చెప్పాను.

ఇదిగో కాఫీ. అదేమిటి, లేచారు? మూట గుర్తొచ్చిందా! కూర్చోండి, కూర్చోండి, కాఫీ తాగి వెళుదురు. ఏడాదిగా తింటున్నది ఇంకో పావుగంట తింటే మునిగిపోయేది ఏముంది?